టబ్బు లేని ఇంట్లో బాత్ బాంబు

ఉదయగిరి నుంచి వరికుంటపాడు దాకా ఏ ఇంటి స్నానాల గదిలోకి తొంగి చూసినా కనపడేవి అవే: ఒక బక్కెట్టు, ఒక మగ్గు, కాళ్ళ కింద కడప బండ, గోడకో సబ్బుపెట్టె. పడుకుని నానే తొట్టి ఉండదు. ఉన్నా నింపేంత నీళ్ళు ఉండవు. మామూలు టబ్బు నిండాలంటే 150 లీటర్ల దాకా కావాలి. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క. అంటే ఒకరు ఒక పూట టబ్బులో పడుకుంటే దాదాపు ముగ్గురి రోజు నీళ్ళు చెల్లిపోయినట్టే. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్ళలో ఆ సుఖం ఎవరికీ ఒంటబట్టదు.

అయినా బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల పండక్కి వస్తూ సంచిలో ఒక గులాబీరంగు ఉండ తెస్తుంది.

"ఏందే ఇది, కర్పూరమా?"

"బాత్ బాంబు అవ్వా. నీళ్ళల్లో వేస్తే బుసబుసా పొంగుతది."

"పొంగితే ఏంది లాభం?"

మంచి ప్రశ్న. కొనేముందు, చేసుకునేముందు తేల్చుకోవాల్సింది అదే.

ఆ పొంగు మనకు కొత్తదేమీ కాదు. కడుపుబ్బరంగా ఉన్నప్పుడు గ్లాసు నీళ్ళలో ఈనో వేసుకుంటాం కదా, అదే రసాయనం. వంట సోడా, నిమ్మ ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పక్కపక్కనే చడీచప్పుడు లేకుండా ఉంటాయి. నీరు తగలగానే కలబడి కార్బన్ డయాక్సైడును వదులుతాయి. ఇంగ్లండులో మో కాన్‌స్టంటైన్ అనే ఆమె 1989లో తన ఇంటి పెరటి షెడ్డులో మొదటి బాత్ బాంబు చేసింది. ఆమెకు ఆ ఆలోచన ఇచ్చింది కూడా కడుపులో మంటకు వేసుకునే ఆల్కా సెల్ట్‌జర్ బిళ్ళే. తర్వాత ఆమె లష్ అనే కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైంది. ఆ ఉండ ప్రపంచమంతా దొర్లింది.

పొంగు నాలుగు నిమిషాలు కూడా ఉండదు. ఆ బుడగలు ఒంటి నొప్పి తీయవు, రక్తం శుద్ధి చేయవు. ప్యాకెట్ మీద ఏం రాసినా నమ్మొద్దు. లాభమంతా మూడింటిలో ఉంది: వెచ్చటి నీళ్ళు, మంచి వాసన, ఎవరూ పిలవని ఓ పదిహేను నిమిషాలు. మూడోది దొరక్కపోతే మొదటి రెండూ దండగ. మన ఇళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళకు, అన్నిటికన్నా అరుదైన సరుకు ఆ మూడోదే. బాత్ బాంబుకు నేను ఓటేసేది అందుకే. ఒక ఉండ నీళ్ళలో పడిందంటే అది కరిగిపోయేలోగా వాడాలి. "ఇదిగో, ఈ రెండు గిన్నెలు తోమేసి వస్తా" అనడానికి కుదరదు.

వెచ్చటి నీళ్ళ మాటకు మాత్రం గట్టి ఆధారమే ఉంది. టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళు అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ పోగేసి 2019లో ఒక సమీక్ష ప్రచురించారు. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడి నీళ్ళతో పది నిమిషాలు స్నానం చేసినా నిద్ర సగటున పది నిమిషాలు ముందే పడుతుందని అందులో తేల్చారు. వేడి నీళ్ళకు అరచేతుల్లో, అరికాళ్ళలో రక్తనాళాలు విచ్చుకుంటాయి. ఆ దారిన ఒంట్లోని వేడి బయటికి పోతుంది. ఒళ్ళు లోపల చల్లబడటమే నిద్రకు పిలుపు. ఆ సమీక్షలో ఒళ్ళంతా తడిపే స్నానంతోపాటు కాళ్ళు మాత్రమే నానబెట్టుకోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. కాబట్టి టబ్బు లేదన్న బెంగ వదిలేయండి. ఎనిమిది పది లీటర్లు పట్టే ప్లాస్టిక్ టబ్బు, అంటే బట్టలు నానబెట్టేది, ఒక కుర్చీ, ఒక తువ్వాలు ఉంటే చాలు.

మన దగ్గర ఇంకో వెసులుబాటు ఉంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటాక మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్ళు పొయ్యి లేకుండానే కాగుతాయి. మధ్యాహ్నం మూడింటికి కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. ఆ నీళ్ళను పట్టి పెట్టుకుని రాత్రి ఎనిమిది తర్వాత మోచేత్తో వేడి చూసుకుని వాడండి. గ్యాసు ఖర్చు లేదు. చలికాలంలో మటుకు కాచుకోక తప్పదు.

ఇప్పుడు చేసే పద్ధతి.

కావలసినవి కిరాణా కొట్లో దొరుకుతాయి గానీ పేర్ల దగ్గర జాగ్రత్త. వంట సోడా వేరు, బట్టల సోడా వేరు. రెండోది ఒంటికి మంట పుట్టిస్తుంది. కేకుల్లో వేసే బేకింగ్ పౌడరు కూడా పనికిరాదు. అందులో సోడాతోపాటు ఆమ్లం ముందే కలిసి ఉంటుంది. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్. పేరులో ఉప్పు ఉన్నా ఉప్పు కాదు. పేరులో నిమ్మ ఉన్నా, ఆత్మకూరు, పొదలకూరు, గూడూరు తోటల్లో కాసే నిమ్మకాయలకూ దానికీ ఇప్పుడు చుట్టరికం లేదు. స్వీడన్‌కు చెందిన షీలే అనే రసాయన శాస్త్రవేత్త 1784లో నిమ్మరసం నుంచే దాన్ని స్ఫటికాలుగా తీశాడు. తర్వాత వందేళ్ళకు పైగా ఇటలీ నిమ్మకాయలతోనే వ్యాపారం నడిచింది. 1917లో జేమ్స్ కరీ అనే అమెరికన్ ఒక రకం నల్ల బూజు చక్కెరను తిని సిట్రిక్ యాసిడ్‌ను దండిగా విడుస్తుందని చూపించాడు. నాటి నుంచి ఫ్యాక్టరీల పని అంతా ఆ బూజు మీదే. "తోటలో కాయలు రాలిపోతున్నాయి, ఆ రసం పిండి వాడొచ్చా?" అని నిమ్మ రైతులు అడుగుతారు. వాడకూడదు. రసంలో నీరుంటుంది. సోడాలో పడీ పడగానే పొంగు అక్కడికక్కడే అయిపోతుంది, గిన్నెలో బురద మిగులుతుంది.

కొలతలు తూకంలోనే చూసుకోండి. 150 గ్రాముల వంట సోడా, 100 గ్రాముల నిమ్మ ఉప్పు, 50 గ్రాముల మొక్కజొన్న పిండి. చాలామంది సోడాను నిమ్మ ఉప్పుకు రెట్టింపు వేయమంటారు. లెక్క ప్రకారం 100 గ్రాముల నిమ్మ ఉప్పుతో పూర్తిగా కలిసిపోవడానికి 130 గ్రాముల సోడా చాలు. మిగిలిన సోడా నీళ్ళను క్షారంగా మారుస్తుంది. మన చర్మం కొద్దిగా ఆమ్ల గుణం ఉన్నది. దానికి అది నచ్చదు, బిగుసుకుపోయి తెల్లగా పొట్టు లేస్తుంది. అందుకని నేను మూడుకు రెండు పాళ్ళ దగ్గరే ఆగుతాను. నిమ్మ ఉప్పు పలుకులు పెద్దవిగా ఉంటే పొడి మిక్సీ గిన్నెలో ఒక్క తిప్పు తిప్పండి. మూత వెంటనే తీయొద్దు, ఆ దుమ్ము ముక్కులో పడితే ఘాటు నషాళానికి ఎక్కుతుంది.

స్టీలు బేసిన్లో పొడులన్నీ జల్లించి కలపండి. అల్యూమినియం గిన్నె వద్దు, ఆమ్లం దాన్ని తింటుంది. కలపడానికి కొయ్య గరిటె మేలు. ఉదయగిరిలో ఉన్నవాళ్ళకు ఆ కరువు లేదు. దుర్గం కొండల కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కే పనివాళ్ళ వీధి ఊళ్ళోనే ఉంది. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకటి కొని దీనికే కేటాయించండి.

అసలు కిటుకు తడిలో ఉంది. నీళ్ళు పోయకూడదు. రెండు చెంచాల కొబ్బరి నూనె, అయిదారు చుక్కల సువాసన నూనె కలిపి, పొడి మీద చుక్క చుక్కగా వేస్తూ వేళ్ళతో నలపండి. పిడికిట్లో నొక్కితే సున్నుండలా నిలవాలి, బొటనవేలితో తోస్తే విడిపోవాలి. పిడికిట్లో నిలవకుండా రాలిపోతుంటే స్పిరిటు, అంటే మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిటు, స్ప్రే సీసాలో పోసి పొయ్యికి దూరంగా ఒకటి రెండు సార్లు చిమ్మండి. ఎక్కడైనా సుయ్‌మంటూ ఉబ్బిందంటే తడి ఎక్కువైనట్టు. ఆ చోట పొడి సోడా చల్లి వదిలేయండి.

అచ్చుల కోసం ఆన్‌లైన్లో వెతకొద్దు. పాత పొంగణాల పెనం గుంటల్లో పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి నొక్కితే సగం ఉండలు వస్తాయి. ఒక్కోటి 50 గ్రాముల లోపే, బక్కెట్టుకు సరిగ్గా సరిపోతుంది. రెండు గుంట గరిటెలు ఎదురెదురుగా నొక్కినా గుండ్రటి ఉండే. కజ్జికాయల అచ్చయితే పిల్లలకు ఇంకా సరదా. రాత్రంతా ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, వాసన ఎగిరిపోతుంది. బాగా ఆరకుండా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపల గ్యాసు పుట్టి మూత ఎగిరే ప్రమాదం ఉంది. పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల తేమలో, ఉండలు కట్టిన కాసేపటికే కురుపులు లేచినట్టు ఉబ్బుతాయి.

ఇంకో మాట. ఇవి చూడ్డానికి అచ్చం మిఠాయిలు. వంటింట్లో డబ్బాల మధ్య పెట్టకండి, పసిపిల్లల చేతికి అందనివ్వకండి.

భేది ఉప్పు కలపాలా వద్దా అని అడుగుతారు. ఇంగ్లండులో ఎప్సం అనే ఊరి చేదు నీటి ఊట నుంచి పేరు తెచ్చుకున్న మెగ్నీషియం సల్ఫేటు ఇది. నీళ్ళలో వేసి నానితే మెగ్నీషియం చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి కండరాల నొప్పులు పోతాయని చెబుతారు గానీ దానికి గట్టి రుజువు లేదు. ఇష్టమైతే 50 గ్రాములు కలపండి, నష్టం లేదు. ఒకటే షరతు: మందుల షాపులో కొనండి. నిమ్మ తోటలకు చల్లే మెగ్నీషియం సల్ఫేటు ఇంట్లో బస్తా ఉందని అందులోంచి తీసి కలపొద్దు. అది చెట్ల కోసం తయారైన సరుకు, దాని శుభ్రత ఒంటి లెక్కకు సరిపోదు.

బక్కెట్టుతో నీళ్ళు పోసుకునేవాళ్ళకు ఈ ఉండతో ఒక అదనపు లాభం ఉంది, ఇది నాకు బాగా నచ్చిన సంగతి. మన బోరు నీళ్ళు కఠిన జలం. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, ఒంటి మీద జిడ్డు తెట్టు కట్టి మిగులుతుంది, జుట్టు పీచులా అవుతుంది. సోడా, నిమ్మ ఉప్పు కలిసినప్పుడు మిగిలేది సోడియం సిట్రేటు. అది నీళ్ళలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. 15 లీటర్ల బక్కెట్లో ఒక పొంగణం ఉండ వేసి చూడండి. సబ్బు కాస్త త్వరగా నురగ కడుతుంది. వరికుంటపాడు, ఉదయగిరి వైపు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంది కదా, వాటిలో కాళ్ళు నానబెడితే ఏమవుతుందోనన్న భయం కూడా వద్దు. ఫ్లోరైడు చేటు తాగడంతో, వంటతో వస్తుంది; స్నానంతో చర్మంలోంచి లోపలికి వెళ్ళేది లెక్కలోకి రాదు. అయితే ఈ ఉండ ఫ్లోరైడును తీసేయదు కూడా. తాగే నీళ్ళ జాగ్రత్త తాగే నీళ్ళదే.

వాసన దగ్గర కాసేపు ఆగాలి. నిమ్మ వాసన కావాలని చాలామంది నిమ్మ నూనె వేస్తారు. తొక్క పిండి తీసిన నిమ్మ నూనె ఒంటి మీద ఉండగా ఎండలోకి వెళితే చర్మం కాలి బొబ్బలు లేస్తాయి, నల్ల మచ్చలు నెలల తరబడి ఉంటాయి. నిమ్మరసం చేతుల మీద కారి ఎండలో తిరిగినా అంతే. రాత్రి స్నానానికి మాత్రమే వాడండి, లేదా లావెండరుతోనో మల్లె వాసనతోనో సరిపెట్టుకోండి. నా ఓటు వట్టివేళ్ళకు. గుప్పెడు వేళ్ళు పల్చటి గుడ్డలో మూటకట్టి పొద్దున బక్కెట్టు నీళ్ళలో వేస్తే రాత్రికి నీళ్ళంతా తొలకరి మట్టి వాసన పడుతుంది. అప్పుడు ఏ వాసనా కలపని తెల్ల ఉండ చాలు. వేళ్ళు, రేకులు, పసుపు కొమ్ముల పొడి ఉండలోనే కూరితే తూములో అడ్డుపడి ఇంట్లో తిట్లు తినాలి.

నలుగు పిండి ఉండగా ఈ ఉండలెందుకు అని అవ్వలు అంటే వాళ్ళ మాట తోసేయకండి. మురికి తీయడంలో బాత్ బాంబు నలుగు పిండి కాలిగోటికి సరిరాదు. పెసలు, శనగలు, కచ్చూరాలు, తుంగగడ్డలు, కస్తూరి పసుపు, ఎండిన గులాబీ రేకులు మర పట్టించి, నువ్వుల నూనె మర్దన చేసుకున్నాక రుద్దుకుంటే జిడ్డు పోతుంది, ఒళ్ళూ పొడిబారదు. మర పట్టించేటప్పుడు ఒక్క బావంచాలు మాత్రం తగ్గించండి, వీలైతే మానేయండి. వాటిలో ఉండే పదార్థానికి ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, నిమ్మ నూనెకు చెప్పినట్టే. నలుగునూ బాత్ బాంబునూ జోడించే వరస ఇది: శనివారం సాయంత్రం నూనె, నలుగు, కుంకుడు రసం అన్నీ కానిచ్చి, రాత్రి అన్నాలయ్యాక కాళ్ళకు మాత్రం ఉండ వేసిన వేడి నీళ్ళు. పని వేరు, విశ్రాంతి వేరు. కుంకుడు రసం కళ్ళలో పడి ఏడ్చే పిల్లలున్న ఇంట్లో తలంటు విశ్రాంతి అని ఎవరూ అనలేరు.

కొనేవాళ్ళకు చెప్పాల్సింది తక్కువే. సీసాలో గానీ కవరులో గానీ గాలి చొరకుండా ప్యాక్ చేసి ఉండాలి. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. అవి లేని తళతళలాడే ఉండలు ఎగ్జిబిషన్లలో దొరుకుతుంటాయి, వదిలేయండి. మెరుపు పొడి చాలావరకు ప్లాస్టిక్కే, కాలవలో కలిసి చెరువుకు పోతుంది. ముదురు రంగు ఉండలు కాళ్ళకూ తువ్వాలుకూ రంగు పట్టిస్తాయి. బజారులో అమ్మేవి 100, 200 గ్రాములవి, టబ్బు లెక్కకు చేసినవి. మనకు పావు ముక్క చాలు. కత్తితో కోసి మిగతాది వెంటనే డబ్బాలో పెట్టండి.

ఇక వాడకూడని వాళ్ళ సంగతి. షుగరు ఉన్నవాళ్ళు వేడి నీళ్ళలో కాళ్ళు నానబెట్టకూడదు. షుగరు వల్ల కాళ్ళల్లో స్పర్శ తగ్గితే నీళ్ళు కాలుతున్నా తెలియదు. చిన్న బొబ్బ పుండై, పుండు మానక వేలు తీసేసే దాకా పోవచ్చు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే మొదట ఆలోచించాల్సిన మాట. పగిలిన మడమలు, పుండ్లు, గజ్జి ఉన్నా ఆగండి, ఆ నీళ్ళు మంట పెడతాయి. ఆడవాళ్ళు ఈ నీళ్ళను కాళ్ళకు, చేతులకు వాడుకోవడమే మంచిది. సువాసన నూనెలు సున్నితమైన చోట్ల మంట, దురద తెస్తాయి. మొదటిసారి వాడేముందు కాసిని నీళ్ళలో చిన్న ముక్క కరిగించి మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. చివరగా కడప బండ. ఉండలో నూనె ఉంటుంది గనుక నీళ్ళు ఒంపేశాక బండ జారుతుంది. మీ తర్వాత స్నానాల గదిలోకి అడుగుపెట్టేది అత్తగారో మామగారో అయితే ముందే సబ్బు పొడి వేసి చీపురుతో కడిగేయండి.

చేయడం చేయి తిరిగాక అమ్మాలని అనిపిస్తుంది. పడమటి నెల్లూరు ఆడవాళ్ళకు కూడి పని చేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఈ జిల్లాదే, ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టిందీ ఇక్కడే. పెళ్ళిళ్ళకు నలుగు పిండితోపాటు నాలుగు ఉండలు పెట్టి అమ్మితే బాగానే ఉంటుంది. అయితే ఒంటికి రాసేవి, స్నానానికి వాడేవి సౌందర్య సాధనాల కింద లెక్క. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తీసుకోవాలి. ఇంట్లో వాడుకోవడానికీ చుట్టాలకు ఊరికే ఇవ్వడానికీ అది అక్కర్లేదు. సంఘంలో పెట్టుబడి పోగేసే ముందే ఈ సంగతి మాట్లాడుకోండి.

కాళ్ళు కడిగిన నీళ్ళు పారబోయడానికి మనసొప్పని ఊళ్ళు మనవి. కరివేపాకు చెట్టుకో నిమ్మ మొక్కకో పోద్దామనిపిస్తుంది. వద్దు, అందులో సోడియం ఉంది. బోరు నీళ్ళకే చౌడు తేలే నేలలో అది ఇంకా చేటు చేస్తుంది. వసారా బండలు కడగడానికో మరుగుదొడ్డిలో పోయడానికో వాడుకోండి.